మిల్లు బియ్యం, రాత్రి నెత్తురు, పది అణాలు: వైద్య చరిత్రపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల విశాఖపట్నం నుంచీ, చుట్టుపక్కల ఊళ్ల నుంచీ వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మన తీరంలోనూ మన్యంలోనూ ఒకప్పుడు మనుషులను పీడించిన జబ్బుల గురించే ఉన్నాయి. వాటిలో ఏడింటికి ఇక్కడ జవాబు చెబుతున్నాను. మొదటి జవాబు పొడుగైంది. దాన్ని కుదించడానికి మనసొప్పలేదు.

ప్రశ్న: మాది పూర్ణా మార్కెట్ దగ్గర మూడు తరాలుగా బియ్యం వ్యాపారం. మిల్లు బియ్యం వచ్చాకే జనానికి కాళ్ల తిమ్మిర్లు వచ్చాయని మా తాతగారు అనేవారు. ఈమధ్య ఒక పాత ఆంగ్ల గ్రంథంలో బెరిబెరి అనే జబ్బును ఉత్తర సర్కారుల జబ్బుగా వర్ణించడం చూశాను. ఇది నిజంగా మన ప్రాంతానిదేనా? మన మీదే ఎందుకు పడింది? – ఒక వ్యాపారి, విశాఖపట్నం

జవాబు: మీ తాతగారి మాటలో ముప్పాతిక వంతు నిజం ఉంది. మిగిలిన పాతిక వంతు ఏమిటంటే, మరమిల్లులు రాకముందు కూడా ఈ జబ్బు ఇక్కడ ఉంది. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా ఉన్న జాన్ గ్రాంట్ మాల్కమ్‌సన్ బెరిబెరి చరిత్ర, చికిత్సల మీద రాసిన గ్రంథం 1835లో మద్రాసులో అచ్చయింది. మద్రాసు నుంచి గంజాం వరకు ఉన్న కోస్తాలో, సముద్రానికి నలభై మైళ్ల లోపలే ఇది కనిపిస్తుందని ఆ కాలపు వైద్యులు రాసి పెట్టారు. మీరు చూసిన గ్రంథంలోని మాటకు మూలం ఇదే అయి ఉండాలి. అయితే జావా, జపాను, మలయా, ఫిలిప్పీన్స్ దేశాల్లో కూడా ఇది వేలమందిని చంపింది కాబట్టి మన ఒక్కరి సొత్తు అనుకోనక్కరలేదు.

జబ్బు తీరు ఇది. మొదట పాదాలు తిమ్మిరెక్కుతాయి, పిక్కలు నొక్కితే నొప్పి పెడతాయి. గొంతుకూర్చున్న మనిషి నేల మీద చెయ్యి ఆన్చకుండా లేవలేడు. కొందరిలో జబ్బు నరాల దగ్గరే ఆగి, కాళ్లు చచ్చుబడి, మనిషి ఎండిపోతాడు. దాన్ని పొడి బెరిబెరి అన్నారు. మరికొందరికి కాళ్లు నీరు పట్టి, ఆయాసం వచ్చి, గుండె ఆగిపోతుంది. అది తడి బెరిబెరి. అన్నిటికన్నా ఘోరమైనది చంటిపిల్లల బెరిబెరి. తల్లికి పైకి ఏ జబ్బూ కనిపించకపోయినా ఆమె పాలలో సారం లేక, నిండుగా బొద్దుగా ఉన్న మూడు నాలుగు నెలల బిడ్డ ఏడుపు గొంతు పోయి గంటల్లో చనిపోయేది.

కారణం తెలియని రోజుల్లో సముద్రపు గాలి అన్నారు, చిత్తడి నేల అన్నారు, మురిగిన బియ్యంలో విషం అన్నారు. మాలకంగిని గింజల నుంచి బట్టీ పెట్టి తీసిన నల్ల నూనెను చుక్కల లెక్కన ఇచ్చేవారు. దానివల్ల చెమట పట్టి, నీరు కొంత తీసి, రోగికి కాసేపు తేలికగా ఉండేదేమో గాని, జబ్బు మూలం దాకా అది చేరే అవకాశం లేదు.

మూలం వడ్లగింజ పైపొరలో ఉంది. తవుడులో ఉండే బి1 విటమిన్, అంటే థయమిన్, అన్నంలోని పిండి పదార్థాన్ని శరీరం వాడుకోవడానికి తప్పనిసరిగా కావాలి. శరీరంలో దీని నిల్వ రెండు మూడు వారాలకు మించి ఉండదు. పచ్చి వడ్లను తెల్లగా మర పట్టిస్తే ఇందులో చాలా భాగం తవుడుతో పాటు పోతుంది. మిగిలినదాన్ని మనం బియ్యం రెండు మూడు సార్లు కడిగి కొంతా, గంజి వార్చి కొంతా పారబోస్తాం. అదే వడ్లను ముందు నానబెట్టి, ఉడికించి, ఆరబెట్టి, ఆ తరువాత దంపితే, నానేటప్పుడూ ఉడికేటప్పుడూ ఆ సారం పైపొర నుంచి గింజ లోపలికి ఇంకుతుంది. తవుడు పోయినా అది నిలుస్తుంది. అదే ఉప్పుడు బియ్యం.

ఇక మన మీదే ఎందుకు పడిందన్న ప్రశ్న. మెక్‌కారిసన్, నారిస్ అనే వైద్యులు బియ్యానికీ బెరిబెరికీ ఉన్న సంబంధం మీద 1924లోనే పరిశోధన ప్రచురించారు. నీలగిరిలోని కూనూరు పోషకాహార పరిశోధనాలయంలో ఆక్రాయిడ్, ఆయన సహచరులు 1940 ప్రాంతాల్లో మద్రాసు రాష్ట్రపు బెరిబెరి ప్రాంతాన్ని, అంటే మన సర్కారు జిల్లాలను, ప్రత్యేకంగా పరిశీలించారు. చంటిపిల్లల మరణాలను కూడా నెలల వారీగా చూశారు. వారు ఎత్తి చూపిన తేడా చాలా సాధారణమైనది: తమిళ జిల్లాల్లో పేదలు ఎక్కువగా ఉప్పుడు బియ్యం తింటారు, సర్కారు జిల్లాల్లో మర పట్టిన పచ్చి బియ్యం తింటారు. మిల్లు వచ్చాక తెల్ల బియ్యం చవకై కూలివారి కుండలోకి కూడా వచ్చింది. మీ తాతగారు చూసింది ఈ దశనే. మిల్లుకు ముందు కూడా సిపాయిలూ ఖైదీలూ వంటివారు, బాగా దంపిన పచ్చి బియ్యం తప్ప పక్కన పప్పో కూరో సరిగా దొరకనివారు, దీని బారిన పడుతూనే ఉన్నారు. నలభై మైళ్లు దాటాక జబ్బు లేకపోవడానికి కారణం గాలి మార్పు కాదని నా అభిప్రాయం. అక్కడి నుంచి పైకి వెళ్లేకొద్దీ చోడి అంబలి, సామలు, గంటెలు తినే జనం మొదలవుతారు.

ఈ రహస్యం విప్పినవారు ఒక్కరు కాదు. జపాను నౌకాదళ వైద్యుడు తకాకి కనెహిరో, 1883లో ర్యూజో అనే ఓడ తొమ్మిది నెలల ప్రయాణం ముగించేసరికి 376 మందిలో 169 మందికి బెరిబెరి వచ్చి 25 మంది చనిపోవడం చూసి, మరుసటి ఏడాది త్సుకుబా అనే మరో ఓడను అదే దారిలో మాంసం, పాలు, బార్లీ కలిసిన భోజనంతో పంపించాడు. ఈసారి ఒక్కరూ చనిపోలేదు. జబ్బు పడిన పద్నాలుగు మందీ ఆ కొత్త భోజనాన్ని సరిగా తిననివారే. మాంసకృత్తుల లోపమే కారణమని అతను పొరబడ్డాడు, కాని మందు మాత్రం సరైనదే వేశాడు. జావాలో డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్‌మన్ పెంచుతున్న కోళ్లకు సైనిక ఆసుపత్రిలో మిగిలిన తెల్లన్నం పెడితే కాళ్లు చచ్చుబడ్డాయి. కొత్తగా వచ్చిన వంటవాడు సైన్యపు అన్నాన్ని కోళ్లకు పెట్టనని మొండికేసేసరికి, చవక ముతక బియ్యం తిని అవే కోళ్లు లేచి తిరిగాయి. ఆ తరువాత ఫోర్డర్‌మన్ అనే అధికారి 101 జైళ్లలో రెండున్నర లక్షలకు పైగా ఖైదీల భోజనాన్ని పరిశీలించి, తెల్ల బియ్యం పెట్టిన జైళ్లలోనే జబ్బు విపరీతంగా ఉందని తేల్చాడు. అప్పటికీ ఐక్‌మన్ తెల్లన్నంలో ఏదో విషం ఉందనే అనుకున్నాడు. ఉన్నదేదో చెడు చేయడం కాదు, ఉండవలసినది లేకపోవడమే జబ్బని 1901లో చెప్పినవాడు అతని తరువాత ఆ పని చేపట్టిన గ్రైన్స్. 1929లో నోబెల్ మాత్రం ఐక్‌మన్‌కు, ఆంగ్ల శాస్త్రవేత్త హాప్‌కిన్స్‌కు వచ్చింది.

చివరి అంకంలో మన నెల్లూరు ఉంది. బాప్టిస్టు మిషనరీ దంపతులకు 1886లో నెల్లూరులో పుట్టిన రాబర్ట్ విలియమ్స్, 1910లో మనీలాలో రసాయన శాస్త్రవేత్తగా ఉండగా, వెడర్ అనే సైనిక వైద్యుడు తవుడు కషాయపు సీసా ఒకటి ఇచ్చి, పిల్లలను బతికిస్తున్న పదార్థం ఇందులో ఏమిటో కనిపెట్టమన్నాడు. ఆ కషాయం చుక్కలు గొంతులో పడిన కొద్ది గంటల్లో చావుబతుకుల్లో ఉన్న పసివాడు తేరుకోవడం విలియమ్స్ కళ్లారా చూశాడు. తవుడు నుంచి బి1 స్ఫటికాలను మొదట వేరు చేసినవారు యాన్‌సెన్, డోనాత్. అది 1926లో, మళ్లీ జావాలోనే. దాని రసాయన నిర్మాణాన్ని తేల్చి, 1936లో కృత్రిమంగా తయారు చేసినవాడు విలియమ్స్. సీసా చేతికి వచ్చిన ఇరవై ఆరేళ్లకు. మొలగొలుకుల బియ్యానికి పేరుపడిన ఊళ్లో పుట్టినవాడు తెల్లన్నపు జబ్బుకు మందు చేయడం నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

ప్రశ్న: అలాగైతే ఇప్పుడు అందరం ఉప్పుడు బియ్యానికి మారాలా? వాసన పిల్లలకు పడదు. కోటా బియ్యంలో కలుపుతున్న ప్లాస్టిక్ గింజల సంగతి కూడా చెప్పండి. – ఒక గృహిణి, ఎంవీపీ కాలనీ

జవాబు: మారనవసరం లేదు. కంది, పెసర, సెనగ, వేరుసెనగ, గోధుమ, చోళ్లు, గుడ్లు, మాంసం వీటిలో ఏవో కొన్ని రోజూ తినే ఇంట్లో బి1 లోపం రావడం అరుదు. పట్టణాల్లో ఇది ఈనాడు ఎక్కువగా కనిపించేది అన్నం మాని మద్యం మీద బతికేవారిలో. వండే పద్ధతిలో మార్పు కావాలంటే బియ్యాన్ని ఒక్కసారి కడిగి, ఎసరు సరిచూసి పోసి, గంజి వార్చకుండా ఇగర్చండి.

కోటా బియ్యంలో కనిపించేవి ప్లాస్టిక్ గింజలు కావు. బియ్యపు పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి గింజ ఆకారంలో తయారు చేసి, మామూలు బియ్యంలో నూటికి ఒకటి చొప్పున కలుపుతారు. అవి కొంచెం పసుపుగా ఉండి నీళ్లలో తేలవచ్చు. ఏరి పారేయకండి.

ప్రశ్న: నేను నర్సింగ్ విద్యార్థినిని. బోదకాలు పరీక్షకు రాత్రి పది దాటాకే నెత్తురు తీయాలని మాకు చెబుతారు. దీన్ని మొదట ఎవరు గమనించారు? అలా ఎందుకు జరుగుతుంది? – గాజువాక నుంచి

జవాబు: బోదకాలు పురుగు పిల్లలను, అంటే మైక్రోఫైలేరియాలను, మనిషి రక్తంలో చూసినవాడు టిమొతీ లూయిస్, 1872లో, కలకత్తాలో. పెద్ద పురుగును 1876లో ఆస్ట్రేలియాలో చూసినవాడు జోసెఫ్ బాన్‌క్రాఫ్ట్. అయితే మీరు అడిగిన రాత్రి సంగతి పాట్రిక్ మాన్సన్‌ది. చైనాలోని అమోయ్ రేవులో వైద్యుడిగా ఉన్న మాన్సన్, సహాయకుల చేత పగలూ రాత్రీ నెత్తురు చుక్కలు పరీక్ష చేయించి, చీకటి పడ్డాక ఇవి రక్తంలోకి వచ్చి అర్ధరాత్రి వేళకు ముమ్మరమై, తెల్లవారేసరికి మాయమవుతాయని పట్టుకున్నాడు. పగలు ఇవి ఊపిరితిత్తుల సన్నని రక్తనాళాల్లో ఉండిపోతాయి. వీటిని మోసే క్యూలెక్స్ దోమ రాత్రి కుట్టే దోమ కాబట్టి, దాని వేళకు చర్మం దాకా రావడం పురుగు సంతతికి లాభం.

ఇందులో తమాషా ఒకటి ఉంది. 1881లో లండన్‌లో స్టీఫెన్ మెకెంజీ అనే వైద్యుడు ఒక రోగిని పగలు నిద్రపోనిచ్చి రాత్రంతా మేలుకొని ఉండేలా చేస్తే, కొద్ది రోజులకు పురుగుల వేళ కూడా తిరగబడింది. అవి చూసుకునేది ఆకాశంలో సూర్యుణ్ని కాదు, మన నిద్రనూ మెలకువనూ. ఉక్కు కర్మాగారం దగ్గర ఉంటున్న మీరు, నెలల తరబడి రాత్రి డ్యూటీయే చేస్తున్న మనిషికి పరీక్ష రాసేటప్పుడు ఆ సంగతి వైద్యుడికి చెప్పడం మంచిది.

మాన్సన్ 1877లో హిన్ లో అనే తన తోటమాలి రక్తం మీద దోమలను వదిలి, వాటి కడుపులో పురుగు ఎదగడం చూశాడు. ఒక జబ్బు దోమలో పెరుగుతుందని రుజువు కావడం అదే మొదలు. ఆ తరువాత ఆయన తప్పులో కాలేశాడు: దోమ నీళ్లలో పడి చచ్చిపోతుందనీ, ఆ నీళ్లు తాగిన మనిషికి జబ్బు అంటుతుందనీ అనుకున్నాడు. దోమ మళ్లీ మళ్లీ కుడుతుందని ఆయనకు తెలియదు. 1900లో జార్జ్ లో అనే పరిశోధకుడు ఆస్ట్రేలియా నుంచి వచ్చిన దోమలను పలుచని పొరలుగా కోసి చూసినప్పుడు పురుగులు దాని తొండంలో కనిపించాయి. అంటే మొదటి సగం కథ తెలిసిన ఇరవై మూడేళ్లకు రెండో సగం తెలిసింది.

మన గెడ్డల్లోనూ మూతలేని కాలువల్లోనూ నిలిచిన మురుగు నీరే క్యూలెక్స్‌కు పుట్టిల్లు. ఏటా ఒకసారి ఇంటింటికీ వచ్చి మింగించే డీఈసీ మాత్ర రక్తంలోని పురుగు పిల్లలను చంపుతుంది. మింగిన రోజు జ్వరం, తలనొప్పి వస్తే చచ్చిన పురుగులకు శరీరం స్పందించడం వల్లే గాని మందు వికటించి కాదు. వాడలో ఇంటింటికీ తిరిగేటప్పుడు ఈ ఒక్క మాట మీరు చెప్పగలిగితే సగం మాత్రలు చెత్తబుట్ట పాలు కాకుండా ఉంటాయి. ముదిరిన వాపును ఆ మాత్ర తీయలేదు. దానికి రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడిచి, పుండు పడకుండా చూసుకోవడమే దారి.

ప్రశ్న: గత సంచికలో మీరు ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను డగ్గర్ కనుగొన్నాడని రాశారు. అది మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారిది కాదా? మనవాళ్ల ఘనతను మనమే పరాయివాళ్లకు కట్టబెడితే ఎలా? – ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, సీతమ్మధార

జవాబు: మీ కోపం నాకు అర్థమవుతోంది గాని, రాసిన మాటను వెనక్కి తీసుకోలేను. ఆరియోమైసిన్ 1948లో వెలువడింది. మట్టి నమూనాల్లోంచి ఆ బంగారు రంగు సూక్ష్మజీవిని పట్టుకున్నది వృక్ష శాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్. ఆ పని జరిగిన లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన మొత్తాన్ని నడిపినవారు సుబ్బారావుగారు. డెబ్బై ఏళ్లు పైబడి విశ్వవిద్యాలయం నుంచి విశ్రాంతి తీసుకున్న డగ్గర్‌కు పని చేసుకునే చోటు దొరికింది అక్కడే. ఒకరి ఘనత చెబితే మరొకరిది తరిగిపోదు.

నిజానికి సుబ్బారావుగారికి పరాయి సొమ్ము అక్కరలేదు. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలోనూ మద్రాసులోనూ చదివారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు తొడుక్కున్నందుకు ఆచార్యుడి ఆగ్రహానికి గురై ఎంబీబీఎస్‌కు బదులు తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చిందంటారు. స్ప్రూ అనే పేగుల జబ్బు అన్నదమ్ములను తీసుకుపోయింది. ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం పాఠాలు చెప్పి, బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేసే కొలువుతో హార్వర్డ్ చదువు సాగించారు. రక్తంలో, కణజాలంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ఫిస్కేతో కలిసి ప్రకటించారు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అన్న పేరుతోనే జీవరసాయన విద్యార్థులు దాన్ని తరతరాలుగా నేర్చుకున్నారు. కండరం శక్తిని నిల్వ చేసే ఫాస్ఫోక్రియాటిన్, ఆ పైన 1929లో కణాలకు శక్తినిచ్చే ఏటీపీ ఆ దారిలోనే బయటపడ్డాయి. ఏటీపీని జర్మనీలో లోమన్ కూడా అదే ఏడాది విడిగా కనుగొన్నాడన్నది చెప్పకపోతే న్యాయం కాదు.

అన్నదమ్ములను చంపిన జబ్బులో లోపించేది ఫోలిక్ ఆమ్లం. బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్స్ అనే వైద్యురాలు, ఈస్టు సారం తినిపిస్తే వాళ్లు కోలుకుంటున్నారని 1930 ప్రాంతాల్లో చూపించింది. ఆ ఈస్టులో ఉన్నది ఫోలిక్ ఆమ్లమే. దాన్ని 1945 నాటికి కృత్రిమంగా తయారు చేసింది సుబ్బారావుగారి బృందం. ఫోలిక్ ఆమ్లం లాంటివి ఇస్తే రక్త క్యాన్సరు పిల్లల్లో జబ్బు వేగం పెరిగినట్టు కనిపించడంతో, బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దానికి విరుద్ధంగా పనిచేసే పదార్థాన్ని కోరాడు. అలా లెడర్లీ నుంచి వెళ్లిన అమినోప్టెరిన్‌ను పదహారు మంది పిల్లలకు ఇస్తే పది మందిలో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. ఆ ఫలితం 1948 జూన్‌లో అచ్చయింది, ఆగస్టులో సుబ్బారావుగారు 53వ ఏట నిద్రలోనే పోయారు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను నేడు కీళ్లవాతానికి కూడా వారానికి ఒక్కసారి మింగే మాత్రగా రాస్తున్నారు. దాన్ని రోజూ మింగి ప్రాణం మీదికి తెచ్చుకునేవారు ఉన్నారు కనుక, మీ ఇంట్లో ఎవరైనా వాడుతుంటే చీటీ మళ్లీ చదవండి.

పైన గాజువాక విద్యార్థినికి చెప్పిన డీఈసీ మాత్ర, అప్పట్లో హెట్రజాన్, 1947లో వచ్చింది కూడా లెడర్లీలో ఆయన బృందం నుంచే. బోదకాలు పీడించే గోదావరి మండలంలో పుట్టినవాడి చేతి నుంచి ఆ మందు రావడాన్ని నేను పొగడాలనుకుంటే పొగడగలను గాని, మీకు ఆ లోటు లేనట్టుంది.

ప్రశ్న: మా అమ్మ చేతి మీద రూపాయి బిళ్లంత రెండు గుంటల మచ్చలున్నాయి. నా భుజం మీద చిన్న మచ్చ ఒకటే ఉంది. తేడా ఏమిటి? – భీమిలి నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మీ అమ్మగారివి మశూచి టీకా మచ్చలు, మీది బీసీజీ, అంటే క్షయ టీకా మచ్చ. మశూచి టీకాను మన దేశంలో చాలాకాలం, పళ్లున్న చిన్న చక్రం లాంటి పరికరాన్ని చర్మం మీద గుచ్చి తిప్పి వేసేవారు. అందుకే అంత మచ్చ, అంత ఏడుపు. రెండు మొనల సూది వచ్చాకే బాధ తగ్గింది. ఎడ్వర్డ్ జెన్నర్ 1796లో ఆవు పొక్కుల రసంతో మొదలుపెట్టిన ఈ టీకా 1802 జూన్‌లో బొంబాయిలో మూడేళ్ల పాపకు వేయడంతో భారతదేశంలో అడుగుపెట్టింది. అమ్మవారు పోసిన ఇంటికి వేపమండలు కట్టి, రాకపోకలు ఆపడం మన ఆచారం. టీకా వేసేవాడు గుమ్మంలోకి వస్తే తల్లికి కోపం వస్తుందని తలుపులు వేసుకున్నవారు ఎంతమందో, రోగి చుట్టూ మనుషులు తిరగకుండా ఆపి మశూచి పాకకుండా కొంతవరకైనా కాపాడినవారు కూడా వాళ్లే. దేశంలో చివరి కేసు 1975 మేలో నమోదైంది, 1980 మేలో ప్రపంచం నుంచే పోయినట్టు ప్రకటించారు. ఆ తరువాత పుట్టినవారి చేతుల మీద మీ అమ్మగారి మచ్చ ఉండదు.

ప్రశ్న: ఆంధ్ర వైద్య కళాశాల నూరేళ్లు దాటింది. అక్కడ చదివి ప్రపంచానికి పనికొచ్చిన పని చేసిన వైద్యుడెవరైనా ఉన్నారా? – ఒక హౌస్ సర్జన్, మహారాణిపేట

జవాబు: 1923లో మొదలైన కళాశాల నుంచి చాలామందే ఉన్నారు. ఒక్కరి పేరు చెప్పమంటే నేను వులిమిరి రామలింగస్వామిగారి పేరే చెబుతాను. 1921లో శ్రీకాకుళంలో పుట్టి, మీ కళాశాలలోనే ఎంబీబీఎస్, ఎండీ చేసి, పైన బియ్యం సందర్భంలో వచ్చిన కూనూరు పరిశోధనాలయంలోనే పరిశోధన మొదలుపెట్టారు. హిమాలయ పాదాల్లోని కాంగ్రా లోయలో గొంతు వాపు, అంటే గాయిటర్, ఇంటింటా ఉండేది. 1956లో ఆయన బృందం దాదాపు లక్ష జనాభా ఉన్న ఆ ప్రాంతాన్ని మూడు మండలాలుగా విడదీసి, రెండిటికి అయొడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు సరఫరా చేయించింది. కొన్నేళ్లకు మొదటి రెండిటిలో బడిపిల్లల గొంతు వాపు బాగా తగ్గింది, మూడోదాంట్లో తగ్గలేదు. ఆ ఫలితం ఆధారంగానే 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం వచ్చింది. తరువాత ఆయన ఢిల్లీ ఎయిమ్స్‌కు, భారత వైద్య పరిశోధనా మండలికి అధిపతిగా పనిచేశారు. మీ హాస్టల్ మెస్సులో ఉప్పు డబ్బా మీద అయొడైజ్డ్ అన్న మాట ఉందేమో చూడండి, ఉండి తీరాలి.

ప్రశ్న: పోస్టాఫీసులో క్వినైన్ అమ్మేవారని మా ముత్తాత చెప్పేవారట. నిజమేనా? మలేరియా దోమను మన మన్యంలోనే కనిపెట్టారని కూడా విన్నాను. – ఒక ఉపాధ్యాయుడు, పాడేరు

జవాబు: మొదటిది నిజం. రెండోది సగం కూడా నిజం కాదు.

సింకోనా చెట్టు బెరడు జ్వరాన్ని తగ్గిస్తుందని ఐరోపా వాళ్లకు దక్షిణ అమెరికా నుంచి తెలిసింది. అందులోంచి క్వినైన్‌ను 1820లో పారిస్‌లో పెల్టియే, కవాంటూ వేరు చేశారు. 1860ల నుంచి నీలగిరిలో ప్రభుత్వమే సింకోనా తోటలు వేయించింది. 1892లో బెంగాల్‌లో క్వినైన్ పొట్లాలను పోస్టాఫీసుల్లో కానీకి ఒకటి చొప్పున అమ్మడం మొదలై ఇతర ప్రాంతాలకు కూడా పాకింది. మన్యానికి వెళ్లమంటే బదిలీ ఉత్తర్వు చూసి ఉద్యోగులు బెంగ పెట్టుకునే రోజుల్లో ఆ చేదు పొట్లమే ధైర్యం. చెవుల్లో హోరు వచ్చేదాకా వేసుకునేవారు. ఆ తరువాత క్లోరోక్విన్ దాని స్థానంలోకి వచ్చింది, అది కూడా మొద్దుబారింది. ఇప్పుడు మీ ప్రాంతపు తీవ్రమైన రకానికి ఇచ్చే మూడు రోజుల మాత్రల్లోని ముఖ్య ద్రవ్యం ఆర్టిమిసినిన్‌ను 1972లో చైనా శాస్త్రవేత్త తు యూయూ తీసింది. పదహారు వందల ఏళ్ల నాటి చైనా వైద్య గ్రంథంలో ఆ మొక్కను చన్నీళ్లలో నానబెట్టి పిండి తాగమని ఉండటం చూసి, మరిగిస్తే గుణం పోతోందని గ్రహించి, తక్కువ వేడి మీద ఈథర్‌తో తీసింది. 2015లో నోబెల్ వచ్చింది. రెండో రోజు జ్వరం జారగానే మూడో రోజు మాత్రలు పెట్టెలో దాచేవారు మీ బడి పిల్లల ఇళ్లలో ఉంటే మీరే చెప్పాలి.

ఇక దోమ. ఆ పని జరిగింది సికింద్రాబాదు బేగంపేటలో, 1897 ఆగస్టు 20న. అల్మోరాలో పుట్టిన సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్‌కు దోమను అనుమానించమని మొదట చెప్పినవాడు బోదకాలు పనితో పేరొందిన మాన్సనే. రాస్ రెండేళ్లు మామూలు దోమలను కోసి కోసి విసిగిపోయాక, రెక్కల మీద మచ్చలున్న రకం ఒకటి చేతికి చిక్కింది. అతని లెక్కలో ముప్ఫై ఎనిమిదోదైన అలాంటి దోమ కడుపు గోడలో మలేరియా నల్లరంగు చుక్కలున్న గుండ్రని కణాలు కనిపించాయి. ఆ తరువాత ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియా మీద మిగిలిన కథ పూర్తి చేశాడు. 1902లో నోబెల్ వచ్చింది. ఆ దోమలకు తన నెత్తురు తాగనిచ్చినవాడు హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి. నాలుగు రోజుల ముందు, ఆగస్టు 16న, దోమతెర లోపల పడుకోబెట్టి ఆ మచ్చల రెక్కల దోమలను వదిలారు. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా బేరం. పది కుట్టాయి, పది అణాలు ఇచ్చారు.